కృపా, క్రియలా? – క్రైస్తవ చరిత్రలో ముక్తి వివాదం

దాదాపు ఇరవై యేళ్ళ క్రితం, మదర్సా చదువు ముగించి విశ్వవిద్యాలయంలో చేరిన కొత్తలో, నేనొక చిన్న ఉర్దూ పుస్తకాన్ని తెలుగులోకి అనువదించాను. అందులో క్రైస్తవ మతాన్ని గురించి ఒక అధ్యాయం ఉంది. యేసు తన పాపాల కోసం ప్రాణమిచ్చాడని నమ్మితే చాలు, ఆ పైన ఎన్ని పాపాలు చేసినా క్రైస్తవుడికి పరలోక భయం ఉండదనీ, ఆ మతంలో సత్కార్యానికి విలువే లేదనీ ఆ అధ్యాయంలో రాసి ఉంది. ఏ సంకోచమూ లేకుండా ఆ మాటను తెలుగు చేశాను. పుస్తకం అచ్చయింది. కొన్ని నెలల తర్వాత గుంటూరు ప్రాంతంలో ఒక మిత్రుని ఇంట, పదవీ విరమణ చేసిన ఒక వృద్ధ ఉపాధ్యాయుణ్ణి కలుసుకున్నాను. ఆయన లూథరన్ సంఘానికి చెందిన క్రైస్తవుడు. ఆ పుస్తకం ఆయన చేతిలో ఉంది. “మౌల్వీగారూ, మీ తెలుగు చాలా బాగుంది. కాని ఈ మాట మా పుస్తకాల్లో ఎక్కడ చదివారండీ?” అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. నా దగ్గర జవాబూ లేదు. ఎందుకంటే నేనెక్కడా చదవలేదు. మూల రచయిత రాశాడు, నేను అనువదించాను, అంతే.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు. ఒక వర్గం మీద ఉన్న ద్వేషం కూడా మనల్ని న్యాయం తప్పేలా చేయకూడదని అల్‌మాయిదా సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. గ్రంథ ప్రజలతో వాదించవలసి వస్తే ఉత్తమమైన రీతిలోనే వాదించమని అల్‌అన్‌కబూత్ సూరాలో సెలవిచ్చాడు. ఎదుటివాడు ఏం నమ్ముతున్నాడో తెలియకుండా చేసే వాదన ఉత్తమమైనది ఎలా అవుతుంది? కనుక ముందుగా క్రైస్తవులు ఈ విషయమై తమలో తాము ఏమని వాదించుకున్నారో చూద్దాం. అది సుమారు పందొమ్మిది వందల యేళ్ళ చరిత్ర. అందులో మనకు తెలియవలసిన ఘట్టాలు మూడు నాలుగు ఉన్నాయి.

పౌలు, యాకోబు

తెలుగు బైబిలులో ‘కృప’ అని వాడిన పదానికి మూలమైన గ్రీకు మాట ‘ఖారిస్’. లాతీనులో అది ‘గ్రాషియా’ అయింది. ఉర్దూ బైబిలులో దానికి ‘ఫజ్ల్’ అనే మాట వాడారు. అర్హతను లెక్కించకుండా ఇచ్చే అనుగ్రహం అని దీని భావం. కూలివాడు పొద్దంతా పనిచేసి సాయంత్రం అడిగి పుచ్చుకునేది కూలి. ఏ హక్కూ లేనివాడికి యజమాని తనంత తానుగా ఇచ్చేది కృప. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు కూడా కూలికీ కృపకూ ఇటువంటి భేదాన్నే చూపించాడు.

పౌలు పత్రికలు క్రీ.శ. 50 – 60 సంవత్సరాల మధ్య రాసినవని పండితుల అంచనా. ఆనాడు క్రైస్తవ సంఘాల ముందున్న ప్రశ్న వేరు. యూదులు కాని వారు ఈ మార్గంలోకి వస్తే వారు సున్తీ చేయించుకోవాలా? యూదుల ధర్మశాస్త్రంలోని ఆహార నియమాలు, పండుగలు పాటించాలా? అవసరం లేదన్నాడు పౌలు. మనిషి దేవుని ఎదుట నీతిమంతుడుగా ఎంచబడేది ధర్మశాస్త్ర క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్ల అని గలతీయులకూ రోమీయులకూ రాశాడు. ఈ బోధను ఆసరా చేసుకొని కొందరు పాపానికి తలుపులు తెరుస్తారని పౌలుకు తెలుసు. అందుకే కృప ఎక్కువ కావాలని పాపం చేస్తూ పోవచ్చునా అని తానే ప్రశ్న వేసుకొని, ఎంత మాత్రమూ కాదని తానే సమాధానం చెప్పాడు. నేను తెలుగు చేసిన వాక్యంలోని ఆరోపణను పౌలు జీవించి ఉండగానే ఎవరో చేశారన్న మాట!

అదే కొత్త నిబంధనలో యాకోబు పేరిట మరొక పత్రిక ఉంది. క్రియలు లేని విశ్వాసం నిర్జీవమని అది బోధిస్తుంది. అన్నవస్త్రాలు లేని సోదరుడికి ఏమీ ఇవ్వకుండా నోటితో దీవించి పంపితే ఏమి లాభమని అడుగుతుంది. ఒక ఆసక్తికరమైన సంగతి: ‘విశ్వాసం మాత్రమే’ అనే మాట కొత్త నిబంధన మొత్తంలో కనిపించేది ఒక్క ఈ పత్రికలోనే. అదీ, దాని వల్ల మాత్రమే మనిషి నీతిమంతుడు కాడు అని చెప్పే సందర్భంలోనే. ఈ రెండు పత్రికలనూ ఒకే గ్రంథంలో ఉంచుకొన్న సమాజానికి వివాదం తప్పేది కాదు.

హిప్పోలో బిషప్పు, రోములో తపస్వి

ఆ వివాదం నిజంగా రగిలింది క్రీ.శ. ఐదవ శతాబ్దం మొదట్లో. ఒక పక్క అగస్టీన్, మరొక పక్క పెలేజియస్.

అగస్టీన్ 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తేలో పుట్టాడు. అది నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్. యౌవనంలో విలాసాలు చవిచూశాడు. మానీ మతస్థుల శిష్యరికంలో తొమ్మిదేళ్ళు గడిపాడు. చివరకు 387లో మిలాన్ నగరంలో బాప్తిస్మం పొంది, తర్వాత హిప్పో పట్టణానికి బిషప్పయ్యాడు. ఇది నేటి అన్నాబా. తన గత జీవితాన్ని దేవునికి విన్నవించుకొంటున్నట్టుగా ఆయన రాసిన ఆత్మకథ ప్రసిద్ధం. పదహారేళ్ళ వయసులో తోటి కుర్రాళ్ళతో కలిసి పక్కవారి చెట్టు మీది బేరిపండ్లు దొంగిలించిన సంగతి అందులో చెప్పుకొన్నాడు. ఆకలివేసి కాదు. ఇంట్లో అంతకంటే మంచి పండ్లున్నాయి. దొంగతనంలోని ఆనందం కోసమే దొంగిలించి, పండ్లను పందులకు వేశారు. మంచి ఏదో తెలిసి కూడా చెడుకే మొగ్గే ఈ మనసును మనిషి తానుగా బాగుచేసుకోగలడా అన్నది అగస్టీన్‌ను జీవితాంతం వేధించిన ప్రశ్న. చేయలేడన్నదే ఆయన జవాబు. దేవుడు ఆజ్ఞాపించిన దాన్ని చేసే శక్తిని కూడా దేవుడే ప్రసాదించాలని ఆ పుస్తకంలో ప్రార్థించాడు.

పెలేజియస్ బ్రిటన్ నుంచి రోముకు వచ్చిన తపస్వి. నిరాడంబరుడు, నియమనిష్ఠలు కలవాడు. రోము నగరంలో సుఖలోలురైన క్రైస్తవులను చూసి బాధపడేవాడు. అగస్టీన్ చేసిన ఆ ప్రార్థనను ఎవరో చదివి వినిపించగా పెలేజియస్ సహించలేకపోయాడట. శక్తి కూడా దేవుడే ఇవ్వాలంటే, ఇక మనిషి తన సోమరితనానికి దేవుణ్ణి బాధ్యుణ్ణి చేయడా? దేవుడు మనిషికి స్వేచ్ఛనిచ్చాడు, ధర్మశాస్త్రాన్నిచ్చాడు, ఆదర్శాన్నిచ్చాడు. చేయలేని పనిని న్యాయవంతుడైన దేవుడు ఆజ్ఞాపించడు గదా! కనుక మనిషి తలుచుకొంటే పాపం లేకుండా బ్రతకగలడు అన్నది పెలేజియస్ బోధ. ఆదాము పాపం ఆదాముకే నష్టం కలిగించింది గాని మానవజాతికి వారసత్వంగా రాలేదని అతని శిష్యుడు సెలెస్టియస్ మరింత బాహాటంగా ప్రకటించాడు.

ఇది చదువుతూ ఉంటే మనలో చాలామందికి పెలేజియస్ మనవాడే అనిపిస్తాడు. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆదాము (అలైహిస్సలాం) పశ్చాత్తాపాన్ని అల్లాహ్ స్వీకరించాడని, ఒకరి బరువు మరొకరు మోయరని ఖుర్ఆన్ చెబుతుంది. శక్తికి మించిన భారం ఎవరిపైనా మోపబడదని కూడా చెబుతుంది. కాని పెలేజియస్ రచనలను మరికాస్త చదివినప్పుడు నా తొందరపాటు నాకు తెలిసింది. అతని బోధలో తప్పుచేసి తలవంచుకొని నిలబడినవాడికి చోటు తక్కువ. పరిపూర్ణత సాధ్యమన్నాక పరిపూర్ణుడు కాకపోవడం క్షమించరాని నేరమవుతుంది. సామాన్యుడికి అది భయంకరమైన సిద్ధాంతం. అగస్టీన్ కొలువులో రైతులున్నారు, కూలీలున్నారు, పడి లేచేవారున్నారు. వారందరి బిషప్పుగా ఆయన మాట్లాడాడు.

410లో గోతులు రోమును కొల్లగొట్టారు. కాందిశీకులతోపాటు పెలేజియస్ ఆఫ్రికా మీదుగా పాలస్తీనా చేరాడు. 415లో లిద్దలో జరిగిన సభ అతన్ని నిర్దోషిగా తీర్మానించింది. ఆఫ్రికా బిషప్పులు ఊరుకోలేదు. 418లో కార్తేజి సభ అతని బోధను ఖండించింది. అదే ఏడు చక్రవర్తి హొనోరియస్ అతని పక్షాన్ని రోము నుంచి బహిష్కరించాడు. తొలుత అటూ ఇటూ ఊగిన పోపు జోసిమస్ కూడా ఖండించాడు. 431లో ఎఫెసు మహాసభ సెలెస్టియస్‌ను, అతని పక్షంవారిని తిరస్కరించింది. అప్పటికి అగస్టీన్ లేడు. వాండల్ సేనలు హిప్పోను ముట్టడించి ఉండగా 430 ఆగస్టులో కన్నుమూశాడు.

అయితే గెలిచిన అగస్టీన్ మాట కూడా యథాతథంగా నిలువలేదు. ఎవరు రక్షింపబడాలో దేవుడు ముందుగానే నిర్ణయించాడన్న ఆయన వాదనను చూసి గాల్ దేశపు సన్యాసులు బెదిరిపోయారు. 529లో ఆరెంజ్ సభ మధ్యేమార్గం పట్టింది. ముక్తికి తొలి అడుగు దేవుని కృప నుంచే పడుతుందన్నది. దేవుడే కొందరిని చెడుకు నియమించాడన్న మాటను మాత్రం తిరస్కరించింది. ఇక తూర్పు క్రైస్తవ సంఘాలు అగస్టీన్‌ను అంతగా పట్టించుకోలేదు. దైవకృప, మానవ ప్రయత్నం రెండూ కలిసి పనిచేస్తాయన్నదే అక్కడి సంప్రదాయం. సిరియా, ఈజిప్టు దేశాలలో తొలినాటి ముస్లింలు కలుసుకొన్న క్రైస్తవులు ఈ తూర్పు సంఘాలవారేనని మనం గుర్తుంచుకోవాలి.

అనువాదకుడు చేర్చిన ఒక్క మాట

ఇక వెయ్యేళ్ళ తర్వాతి ఘట్టానికి వద్దాం. మధ్యయుగపు రోమన్ చర్చిలో పాపపరిహార పత్రాల పద్ధతి పెరిగింది. చర్చి శాస్త్రం ప్రకారం ఈ పత్రం పాపాన్ని క్షమించదు. ఒప్పుకొని పశ్చాత్తాపపడిన పాపానికి ఇంకా మిగిలి ఉన్న లౌకిక శిక్షను మాత్రమే తగ్గిస్తుంది. కాని సంతలో ఈ సూక్ష్మాలు ఎవరికి కావాలి? సామాన్యుడికి అది డబ్బిచ్చి కొన్న విముక్తి పత్రమే. రోములో సెయింట్ పీటర్ ఆలయ నిర్మాణానికి సొమ్ము కావలసి వచ్చింది. మైంజ్ ఆర్చిబిషప్పు ఆల్‌బ్రెఖ్ట్ పదవి కోసం ఫుగ్గర్ వ్యాపారుల దగ్గర అప్పుపడ్డాడు. పత్రాల అమ్మకంలో సగం రోముకు, సగం ఆ అప్పుకు అని ఏర్పాటు జరిగింది. టెట్జెల్ అనే బోధకుడు ఊరూరా తిరిగి అమ్మకాలు సాగించాడు.

విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్టిన్ లూథర్ 1517 అక్టోబరు 31న దీనికి వ్యతిరేకంగా 95 ప్రతిపాదనలను ఆల్‌బ్రెఖ్ట్‌కు పంపాడు. వాటిలో మొట్టమొదటి దాని సారాంశం ఏమిటి? విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలన్నది. పాఠకులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి. కృపను నమ్ముకోమన్న ఉద్యమం సులభంగా దొరికే క్షమాపణకు నిరసనగా మొదలయింది!

లూథర్ 1483లో పుట్టాడు. 1505లో ఉరుములతో కూడిన వానలో ప్రాణభయంతో మొక్కుకొని సన్యాసుల మఠంలో చేరాడు. ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపాలు ఒప్పుకోవడం – అన్నీ చేశాడు. ఎంత చేసినా చేయవలసింది చేశానన్న నమ్మకం కుదరలేదు. చేసిన ప్రతి సత్కార్యంలోనూ తన స్వార్థమే కనిపించేది. దేవుని నీతి అనే మాట వింటే శిక్షించే న్యాయాధిపతి గుర్తుకు వచ్చి భయపడేవాడు. రోమీయులకు రాసిన పత్రికను బోధిస్తూ ఉండగా, ఆ నీతి అంటే మనిషిని కొలిచే కొలత కాదు, దేవుడు మనిషికి ఉచితంగా ఇచ్చే దానమన్న అర్థం ఆయనకు స్ఫురించింది. స్వర్గద్వారం తెరుచుకున్నట్టయిందని వృద్ధాప్యంలో జ్ఞాపకం చేసుకొన్నాడు.

అనువాదకుణ్ణి కాబట్టి ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1522లో అచ్చయిన తన జర్మన్ కొత్త నిబంధనలో, మనిషి విశ్వాసం వల్ల నీతిమంతుడవుతాడన్న పౌలు వాక్యంలో లూథర్ ఒక మాట చేర్చాడు – ‘మాత్రమే’. గ్రీకు మూలంలో ఆ మాట లేదు. ప్రత్యర్థులు మండిపడ్డారు. 1530లో అనువాద కళపై రాసిన బహిరంగ లేఖలో ఆయన సమాధానం చెప్పుకొన్నాడు. ఒకటి కాదు మరొకటి అని చెప్పేటప్పుడు జర్మన్ నుడికారం ఆ మాటను కోరుతుందన్నాడు. ఇంట్లో తల్లి, వీధిలో పిల్లలు, సంతలో మనిషి ఎలా మాట్లాడతారో విని రాయాలన్నాడు. పైగా పౌలు ఉద్దేశం కూడా అదేనన్నాడు. యాకోబు పత్రికను మాత్రం గడ్డితో పోల్చి, తన గ్రంథంలో వెనక్కి నెట్టాడు.

నుడికారం గురించి ఆయన చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. కాని మూలంలో లేని మాటను వ్యాఖ్యలో కాకుండా వాక్యంలోనే పెట్టడం ఎంత పెద్ద బాధ్యతో అనువాదం చేసేవారికే తెలుస్తుంది. ఆ ఒక్క మాట మీద యూరప్ చీలిపోయిందనడం అతిశయోక్తి. చీలికకు రాజకీయ కారణాలు ఎన్నో ఉన్నాయి. అయినా ఆ చీలికకు జెండాగా నిలిచింది ఆ మాటే.

చౌకబారు కృప

లూథర్ సత్కార్యాలను కాదన్నాడా? 1520లో ఆయన సత్కార్యాలను గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. చెట్టు మంచిదైతే పండు మంచిదవుతుంది, పండ్లు తెచ్చి కట్టినంత మాత్రాన చెట్టు మంచిది కాదు అన్నది ఆయన వాదం. సత్కార్యం ముక్తికి మూల్యం కాదు, ముక్తి పొందినవాడి కృతజ్ఞత అని ఆయన సిద్ధాంతం.

సిద్ధాంతం ఇది. ఊళ్ళలో జరిగింది వేరు. 1527, 1528లలో సాక్సనీ సంఘాలను తనిఖీ చేయడానికి వెళ్ళినప్పుడు లూథర్ చూసిన దృశ్యం ఆయన్ను కలవరపెట్టింది. జనానికి ప్రార్థన రాదు, ఆజ్ఞలు తెలియవు, స్వేచ్ఛను మాత్రం దుర్వినియోగం చేయడం బాగా నేర్చుకొన్నారు. వెంటనే 1529లో పిల్లల కోసం, ఇంటి పెద్దల కోసం ఒక చిన్న ప్రశ్నోత్తర గ్రంథం రాశాడు. దాని మొదటి పాఠం పది ఆజ్ఞలు. మరి పదేళ్ళు తిరగకముందే ఆయన శిష్యుడు అగ్రికోలా, విశ్వాసికి ధర్మశాస్త్రంతో పనిలేదని బోధించగా, లూథర్ స్వయంగా అతనిపై వాదప్రతిపాదనలు రాసి, 1539లో ఒక గ్రంథమే ప్రకటించాడు. నేను అనువదించిన వాక్యాన్ని బోధించినవాడు క్రైస్తవంలో లేడని అనలేము. కాని అతన్ని అందరికంటే ముందు ఖండించినవాడు కృపావాదానికి పెద్ద అయిన లూథరే.

రోమన్ చర్చి సమాధానం ట్రెంట్ మహాసభలో వచ్చింది. 1547 జనవరి 13న అది ఈ అంశంపై తీర్మానించింది. విశ్వాసం మాత్రమే చాలునన్న మాటను ఖండించింది. కృపతో సహకరిస్తూ చేసే సత్కార్యాలు మనిషి నీతిని పెంచుతాయన్నది. కాని ఆ తీర్మానానికి అనుబంధంగా ఉన్న ఖండనలలో మొట్టమొదటిది ఎవరి మీద? దైవకృప లేకుండా మనిషి తన సొంత క్రియల వల్లనే నీతిమంతుడు కాగలడని చెప్పేవారి మీద! కనుక ప్రొటెస్టెంట్లు కృపను, కేథలిక్కులు క్రియలను నమ్ముతారని మనం తరచు చెప్పుకొనే మాట కూడా సరికాదు. ఇరుపక్షాలూ కృపతోనే మొదలుపెడతాయి. ఆ కృప అందిన తర్వాత మనిషి చేసే పనికి ఎంత పాత్ర ఉంది, దానికి ఏం పేరు పెట్టాలి అన్నదే వారి తగవు.

తర్వాతి శతాబ్దాల వాదాలను ఇక్కడ వదిలేస్తున్నాను. రెండు సంగతులు మాత్రం చెప్పాలి. జర్మనీలో హిట్లర్ పాలన సాగుతున్నప్పుడు చాలా చర్చీలు నోరు మూసుకొన్నాయి, కొన్ని వంతపాడాయి. అటువంటి రోజుల్లో 1937లో బోన్‌హోఫర్ అనే లూథరన్ పాదిరీ ఒక పుస్తకం ప్రకటించాడు. పశ్చాత్తాపం లేని క్షమను, అనుసరణ లేని విశ్వాసాన్ని ఆయన చౌకబారు కృప అని పిలిచి, అది తమ చర్చికి ప్రాణాంతక శత్రువన్నాడు. నాజీలు 1945 ఏప్రిల్ 9న ఆయన్ను ఉరితీశారు. కృపను నమ్ముకొన్నవాడు పని మానుకొంటాడన్న మాటకు ఈ మరణం కంటే పెద్ద సమాధానం ఏముంటుంది?

రెండవది 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో జరిగింది. లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ కేథలిక్ చర్చి కలిసి ఈ అంశంపై ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. దేవుడు మనిషిని స్వీకరించేది అతని అర్హతను బట్టి కాదు, కృప వల్లనే. ఆ కృపే మనిషిని సత్కార్యాలకు సిద్ధం చేస్తుంది అన్నది దాని సారాంశం. ఆనాటి పరస్పర ఖండనలు ఇందులో చెప్పిన బోధనకు వర్తించవని ఒప్పుకొన్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాలు ఇందులో చేరాయి. భేదాలన్నీ తొలగిపోలేదు. అయినా, నాలుగున్నర శతాబ్దాల కిందటి శాపాలను తిరగదోడి చదువుకొని, ఎదుటివాడు అన్నదేమిటో మళ్ళీ విన్న సందర్భమిది.

మన ఇంటి చరిత్ర

ఈ కథ చదువుతున్న ముస్లిం పాఠకుడికి తన ఇంటి చరిత్ర గుర్తుకు రాకుండా ఉండదు. హిజ్రీ మొదటి శతాబ్దంలోనే మన సమాజం ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నది. ఘోరపాపం చేసినవాడు ఇస్లాం నుంచి బయటపడినట్టేనన్నారు ఖవారిజ్‌లు. తీర్పును అల్లాహ్‌కు వాయిదా వేయాలన్నారు ముర్జియాలు. వారిలో హద్దులు మీరినవారు విశ్వాసం ఉంటే ఏ పాపమూ హాని చేయదన్నారు. సత్కర్మకు ప్రతిఫలమివ్వడం అల్లాహ్‌పై విధి అన్నారు ముఅతజిలాలు. అహ్లె సున్నత్ పండితులు మాత్రం, అల్లాహ్ ప్రతిఫలమిస్తే అది ఆయన అనుగ్రహం, శిక్షిస్తే అది ఆయన న్యాయం, ఆయనపై ఎవరూ హక్కు సాధించలేరని నిర్ణయించారు.

దీనికి ఆధారం సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలలోని ప్రసిద్ధ హదీసు. ఎవరి కర్మలూ అతన్ని స్వర్గానికి చేర్చలేవని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అన్నారు. తమ సంగతి కూడా అంతేనా అని సహాబాలు అడిగారు. అల్లాహ్ తన కారుణ్యంతో కప్పివేస్తే తప్ప తమ సంగతి కూడా అంతేనని సెలవిచ్చారు. అంతటితో ఆపలేదు. సరైన దారిలో, మధ్యేమార్గంలో పనిచేస్తూ ఉండమని వెంటనే ఆదేశించారు. మరి మీరు చేసిన పనుల కారణంగా స్వర్గంలో ప్రవేశించండని ఖుర్ఆన్‌లో ఉంది కదా? ఇమాం నవవీ ఈ రెండింటినీ సమన్వయించారు. కర్మలు కారణమే, కాని ఆ కర్మలు చేసే భాగ్యం, అవి స్వీకరింపబడడం రెండూ అల్లాహ్ కారుణ్యం వల్లనే అన్నారు. ఇబ్నుల్ ఖయ్యిమ్ మరొక విధంగా చెప్పారు: కర్మ స్వర్గానికి కారణం, అంతేగాని వెల కాదు.

కృపకూ సోమరితనానికీ మధ్య గీత గీసింది ఇమాం గజాలీ (మరణం హి. 505, క్రీ.శ. 1111). దున్ని, విత్తు చల్లి, నీరు పెట్టి, పంట కోసం అల్లాహ్ వైపు చూసే రైతుది ఆశ. చవిటి నేలలో విత్తే వేయకుండా పంటకు ఎదురుచూసేవాడిది భ్రమ అని ‘ఇహ్యా’లో వివరించారు. మరొక వైపు ప్రమాదాన్ని ఇబ్ను అతాఇల్లాహ్ తన ‘హికమ్’ తొలి సూక్తిలోనే చూపించారు. కాలు జారినప్పుడు నీ ఆశ తగ్గిపోయిందంటే, నీవు ఇన్నాళ్ళూ ఆనుకొన్నది నీ కర్మల మీదనే గాని నీ ప్రభువు మీద కాదని దాని భావం. మఠంలో నిద్రలేని లూథర్ ఈ మాట విని ఉంటే ఏమనేవాడో!

ఇక సత్కార్యం కృతజ్ఞత అన్న మాటకు వస్తే, రాత్రి నమాజులో పాదాలు వాచేదాకా నిలబడిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మనకు జ్ఞాపకం రావాలి. అల్లాహ్ మీ తప్పులన్నీ మన్నించాడు కదా, ఇంత శ్రమ ఎందుకని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) అడిగితే, నేను కృతజ్ఞత గల దాసుణ్ణి కావద్దా అని అడిగారు. మన్నింపు పొందినవాడు పని మానుకోడు. ఇంకా ఎక్కువగా నిలబడతాడు.

అసలు భేదం ఎక్కడ?

మరి ఇస్లాంకూ క్రైస్తవానికీ ఈ విషయంలో భేదం లేదా? ఉంది, అది చిన్నది కాదు. మనం చూపించిన చోట మాత్రం లేదు. వారు కృపను నమ్ముతారు, మనం కర్మలను నమ్ముతాము అనడం వారి పట్లా అన్యాయమే, మన హదీసు పట్లా అన్యాయమే.

అసలు భేదం, కృప ఏ ద్వారం గుండా వస్తుందన్న చోట ఉంది. మనిషి పుట్టుకతోనే ఆదాము పాపాన్ని మోస్తున్నాడని, ఆ పాపానికి పరిహారంగా యేసు సిలువపై మరణించాడని, ఆ మరణం ద్వారానే కృప లభిస్తుందని అగస్టీన్ మొదలు లూథర్ వరకు పాశ్చాత్య క్రైస్తవులు నమ్మారు. ట్రెంట్ మహాసభలో కూర్చున్నవారి విశ్వాసమూ అదే. శిశువు స్వచ్ఛమైన ప్రకృతితో పుడుతుందని, ఆదాము క్షమాపణ కోరాడు, పొందాడు, ఆ ఖాతా అక్కడితో మూసుకొన్నదని ఇస్లాం చెబుతుంది. ఈసా (అలైహిస్సలాం)ను వారు చంపలేదు, సిలువ వేయలేదు అని అన్నిసా సూరా ప్రకటిస్తుంది. క్షమించడానికి అల్లాహ్‌కు ఎవరి రక్తమూ అక్కరలేదు, దాసుడు తిరిగి వస్తే చాలు. ‘తౌబా’ అనే మాటకు తిరిగి రావడమనే అర్థం. వాదించవలసింది ఈ విషయాల మీద. ఇక్కడ వాదిస్తే ఎదుటివాడు తన విశ్వాసాన్ని మన మాటల్లో గుర్తుపడతాడు, కనుక వింటాడు. లేని విశ్వాసాన్ని అంటగట్టి ఖండిస్తే, ఆ వృద్ధ ఉపాధ్యాయునిలా నవ్వి పుస్తకం మూసేస్తాడు. అంతకంటే, మనం మోసిన అపనిందకు లెక్క మనమే చెప్పుకోవాలి.

1842లో హేయర్ అనే పాదిరీ వచ్చినది మొదలు గుంటూరు ప్రాంతంలో లూథరన్ సంఘాలున్నాయి. వారి బళ్ళలో మన పిల్లలెందరో చదువుకొన్నారు. ఇంత కాలం పక్కపక్కన ఉండి కూడా, వారు దేన్ని కృప అంటారో అడిగి తెలుసుకోకుండా నేను వారి గురించి రాశాను.

ఆ చిన్న పుస్తకం రెండవ ముద్రణకు వచ్చినప్పుడు మూల రచయిత వాక్యాన్ని నేను మార్చలేదు. అనువాదకుడికి ఆ హక్కు లేదు. లూథర్ విషయంలో ఆక్షేపించినదాన్ని నేనెలా చేస్తాను? కాని దాని కింద నా పేరుతో ఒక సూచిక చేర్చాను: ఇది క్రైస్తవుల బోధ కాదు, వారి పెద్దలే ఖండించిన వక్రీకరణ అని. ఒక ప్రతిని ఆ ఉపాధ్యాయునికి పంపాలని చిరునామా వెతికితే, ఆయన అప్పటికే ఈ లోకం విడిచి వెళ్ళిపోయారని తెలిసింది. పని ఆలస్యంగా చేశాను. చేసిన కొంచెం కూడా నా ఖాతాలో చేరేది అల్లాహ్ అనుగ్రహిస్తేనే. ఆయనే మన తప్పులను మన్నించుగాక, న్యాయంగా మాట్లాడే భాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.